పిన్ని పేరు మీద

"చక్కెర ఇంకా కరగలేదు," అంది ఆవిడ కుర్చీలోంచి కదలకుండానే.

ఆయన గిన్నెలోకి వంగి చూశాడు. వెన్న తెల్లగా, మెత్తగా పొంగింది. చెక్క గరిటెను పైకెత్తితే జారకుండా అంటుకుని నిలబడుతోంది. చూపుకి అంతా బాగానే ఉంది. పైగా ఆవిడ కూర్చున్న చోటికి గిన్నె లోపలిది కనబడదు.

"చూడకుండా ఎలా చెబుతున్నావ్?"

"వినబడుతోందిగా. ఇసుకలో చెప్పులేసుకుని నడుస్తున్నట్టు చప్పుడు."

ఆయన ఊపిరి బిగబట్టి గరిటె తిప్పాడు. ఉంది. గిన్నె అడుగున, సన్నగా, కరకరమంటూ. గిన్నెను పొట్టకు ఆనించుకుని మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. పందెం గెలిచిన మనిషి మొహంలా ఉంది ఆ మొహం.

బయట అప్పుడప్పుడే తెల్లవారుతోంది. కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి వీధి మసకగా కనబడుతోంది. వంటగది ఎంతో లేదు. పొయ్యి దగ్గర ఒకరు నిలబడితే రెండోవారు గుమ్మంలో ఆగిపోవాల్సిందే. అందుకని ఆవిడ కుర్చీ సరిగ్గా గుమ్మంలోనే ఉంటుంది, సగం వంటగదిలో, సగం ముందుగదిలో. ముందుగదిలో బల్ల నిండా ఉతికిన గుడ్డ పరిచి, నిన్న సాయంత్రం కాల్చిన బిస్కెట్లు ఆరబెట్టారు. మంచం మీద ఇంకో గుడ్డ, దాని మీద ఇంకొన్ని. రాత్రి పడుకోవడానికి వాటిని తీసి, పొద్దున లేవగానే మళ్ళీ పరిచారు. ఇల్లంతా వెన్న వాసన, దాని వెనకాల నారింజ తొక్క వాసన. దుప్పట్లకి, ఆయన యూనిఫాం చొక్కాకి కూడా ఆ వాసన పట్టేసింది. ఏటా ఈ నాలుగు రోజులూ అంతే.

ఇది ఆఖరి వాయి. ఆయన పిండి జల్లించి కలిపాడు, ముద్ద చేశాడు, బల్ల చివర కాస్త చోటు చేసుకుని కర్రతో ఒత్తాడు, గాజు గ్లాసు అంచుతో గుండ్రంగా కోశాడు. పైన చక్కెర చల్లి పళ్ళెం ఓవెన్‌లో పెట్టి, తలుపు మూసుకోదు కాబట్టి చెక్కముక్క అడ్డం పెట్టాడు. ఎవరో వాడి వదిలేసిన ఓవెన్ అది. ఎడమవైపు వేడి ఎక్కువ. సగంలో పళ్ళెం తిప్పి పెట్టకపోతే ఒకవైపువి నల్లమొహం వేస్తాయి, ఇంకోవైపువి తెల్లమొహం వేస్తాయి.

ఆయనను యార్డులో అందరూ కాటా బాబాయి అంటారు. ఊరి చివర, పెద్ద రోడ్డు పక్కన సరుకుల యార్డు. దాని గేటు లోపల నేలకు సమంగా పరిచిన పొడవాటి ఇనపపలక, పక్కనే ఒక చిన్న గది. లారీ ఆ పలక ఎక్కుతుంది, గదిలో అంకె వెలుగుతుంది, బాబాయి చీటీ కొట్టి కిటికీలోంచి ఇస్తాడు. ఖాళీ లారీ బరువు ఒకసారి, నిండు లారీ బరువు ఒకసారి. ఉద్యోగమంతా ఇంతే. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే ఆయన "బరువులు చూస్తుంటాను" అనేవాడు. అవతలివాళ్ళు ఆయన సన్నటి చేతులు చూసి నవ్వేవారు. కానీ ఆయన కాటా మీద కూర్చున్నన్నాళ్ళూ ఇటు సరుకువాళ్ళు గానీ అటు బండివాళ్ళు గానీ తూకం తప్పిందని నోరెత్తలేదు. "నువ్వు బండిలో కూర్చుంటే రెండుసార్లూ కూర్చో. దిగితే రెండుసార్లూ దిగు. ఒకసారి కూర్చుని, ఒకసారి దిగి నీ పొట్టని సరుకులో కలపకు," అనేవాడు డ్రైవర్లతో. వాళ్ళు నవ్వుతూ దిగేవారు.

బిస్కెట్లు ఆ కాటా గదిలోనే మొదలయ్యాయి. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు అది. ఏడాది చివరి సెలవులకు ముందురోజు. యార్డంతా ఇళ్ళకు పరుగెడుతోంది. ఒక కుర్ర డ్రైవర్ బండి కాటా ఎక్కింది. బరువు ఎక్కువ చూపించింది. సరుకు కొంత దించితే తప్ప రోడ్డెక్కనివ్వరు, దించే కూలీలేమో వెళ్ళిపోయారు. కుర్రాడు వచ్చి గది మెట్ల మీద కూర్చున్నాడు. ఊళ్ళో భార్య ప్రసవించిందట. కొడుకో కూతురో కూడా తెలియదట. తల రెండు చేతుల్లో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు. బరువు తగ్గించి రాయడం బాబాయి వల్ల అయ్యే పని కాదు. భార్య కట్టిచ్చిన డబ్బా తెచ్చి వాడి ఒళ్ళో పెట్టాడు. అందులో సెలవులకని ఆవిడ చేసిన బిస్కెట్లున్నాయి. వాడు ఒకటి తిన్నాడు, రెండోది తిన్నాడు, మూడోది చేతిలో పట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత లేచి మొహం కడుక్కున్నాడు. బాబాయీ వాడూ కలిసి బస్తాలు దించారు. పోయేముందు వాడు అడిగిన మాట ఒకటే. "ఇంకొన్ని ఉంటే ఇస్తారా? మా ఆవిడకి పట్టుకెళతాను."

మరుసటి ఏడు అదే రోజున వాడు బండి దిగి, చీటీ తీసుకోకుండానే కిటికీలో తల పెట్టాడు. "బాబాయ్, పిన్ని బిస్కెట్లు ఉన్నాయా?"

ఉన్నాయి. ఎందుకైనా మంచిదని బాబాయి తెచ్చాడు. ఆ పైన ఏటా తెచ్చాడు. మొదట ఒక డబ్బా, తర్వాత రెండు, తర్వాత సంచులు. సెలవులకు రోడ్డు మీదే ఉండిపోయే డ్రైవర్లు ఆ కిటికీ దగ్గర ఆగి పొట్లం పట్టుకెళ్ళడం అలవాటైంది. ఎక్కడెక్కడి బండ్లవాళ్ళో. ఆవిడను ఒక్కరూ చూడలేదు. అందరికీ ఆవిడ పిన్నే.

ఆవిడ మందుల సీసాలు కడిగే కంపెనీలో పనిచేసేది. వేసవైనా చలైనా మోచేతుల దాకా చన్నీళ్ళే. అలా కడిగి కడిగి వేళ్ళ కణుపులు ఉబ్బాయి. ఆ తర్వాత వేళ్ళు వంకరపోయాయి. ఒక ఏడాది చివర, సెలవులకు ముందు, పిండి ముద్ద చేయబోయి ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఈ ఏటికి లేవని చెప్పండి," అంది. ఆవిడ అలా ఓడిపోయి మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు.

ఆ సాయంత్రమే ఆయన చొక్కా చేతులు మడిచాడు. మొదటి వాయి రాళ్ళలా వచ్చింది. ఆవిడ ఒకటి తీసి బల్ల మీద కొట్టి చూసి, "గోడ కట్టుకోవచ్చు," అంది. రెండో వాయి విరిగి పొడైంది. ఆవిడ ఏనాడూ ఏదీ కొలవలేదు. గుప్పెడు, చిటికెడు, చూపుకి సరిపడా. ఆయన కొలవకుండా ఏదీ చేయలేడు. చిన్న త్రాసు కొనుక్కొచ్చి వెన్న తూచాడు, పిండి తూచాడు, ఉప్పు తూచాడు. "లారీలు చాల్లేదా మీకు?" అని ఆవిడ నవ్వింది. నవ్వి, కుర్చీ గుమ్మంలోకి జరిపించుకుని, చెప్పడం మొదలుపెట్టింది. ఇంకా కలపండి. ఇక చాలు. పళ్ళెం తిప్పండి. ఆ ఏటి నుంచి చేతులు ఆయనవి, చెవులు, ముక్కు, నోరు ఆవిడవి.

యార్డులో మాత్రం చేతులు మారిన సంగతి ఆయన చెప్పలేదు. ఎవరైనా "పిన్నికి చెప్పండి బాబాయ్, ఈసారి అదిరిపోయాయి," అంటే "చెబుతాలే," అనేవాడు. ఇంటికొచ్చి చెప్పేవాడు కూడా. ఆవిడ పెదవి విరిచి, "పాపం, వాళ్ళు ఆకలి మీద ఉండి ఉంటారు," అనేది. బాగున్నాయని ఒక్కసారి కూడా అన్న పాపాన పోలేదు. ఆయన ఎదురుచూడటం కూడా మానేశాడు.

ఓవెన్‌లోంచి వాసన మారింది. ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తింది. ఆయన పళ్ళెం తీశాడు. అంచులు గోధుమరంగు తిరిగి, నడుమ లేతగా, పైన చక్కెర మెరుస్తూ బిస్కెట్లు వరసగా ఉన్నాయి. ఒకటి ఊది చల్లార్చి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ కొరికి, నెమ్మదిగా నమిలింది.

"ఊఁ," అంది చివరికి. ఆ తర్వాత, "నేనూ వస్తాను ఇవాళ," అంది.

"ఎక్కడికి?"

"మీ కాటా దగ్గరికి. ఇన్నేళ్ళుగా వింటున్నాను. ఒక్కసారీ చూడలేదు."

ఆయన పళ్ళెం కింద పెట్టాడు. ఆవిడ పాదాలు వాచి ఉన్నాయి. మెట్లు దిగితే ఆయాసం. వేసవిలో ఆవిడను ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచి గుండె బాగా అలసిపోయిందని చెప్పాడు. ఆ సంగతి ఆయన ఆవిడకు చెప్పలేదు. ఆవిడా అడగలేదు. మనిషిని ఎదురుగా చూస్తూ అడగకుండా ఉండటమంటే తెలిసిపోయిందనే అర్థమని ఆయనకు తెలుసు.

"చలిగా ఉంటుందే అక్కడ. దుమ్ము."

"మీరు ఇన్నేళ్ళూ కూర్చోలేదా?"

అంతలో ఫోన్ మోగింది. కూతురు. వేరే ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరికింది, రేపు పొద్దున రైలుకి వస్తోంది. తల్లి బయటికి వెళతానంటోందని విని గొంతు పెంచింది. "నాన్నా, మీకేమైనా మతి పోయిందా? మెట్లు దిగనిస్తారా? నేనొచ్చాక చూద్దాం."

ఆవిడ ఫోన్ చేతుల మధ్య ఇరికించుకుని చెవి దగ్గర పెట్టుకుంది. "నువ్వు వచ్చేసరికి లారీలన్నీ వెళ్ళిపోతాయమ్మా. నీకు బిస్కెట్లు వేరే తీసిపెట్టాను. మెత్తగా ఉన్నవి. నాన్నని ఏమీ అనకు, నేనే పోరుతున్నాను." కాసేపు అవతలి మాటలు విని, "అలాగేలే, శాలువా కప్పుకుంటాను," అంది. కూతురికి తల్లి సంగతి తెలుసు. జాగ్రత్తలు చెప్పి పెట్టేసింది.

యార్డు వ్యాను వీధి చివరికి వచ్చింది. ఆయన ముందు పొట్లాలు కట్టిన సంచులు దించి, మళ్ళీ పైకి వచ్చి ఆవిడను ఒక్కొక్క మెట్టే దించాడు. మధ్యలో ఒకచోట ఆగి ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. ఆవిడ ఊపిరి కుదుటపడేదాకా ఆయన గోడ మీది పెచ్చులు చూస్తూ కూర్చున్నాడు. వ్యాను డ్రైవర్ దిగొచ్చి ముందు సీటు ఖాళీ చేయించాడు. "పిన్నిగారా?" అని అడిగి, అవునన్నాక బండిని గుడ్లు తీసుకెళుతున్నట్టు నడిపాడు.

కాటా గది ఆవిడ ఊహించుకున్నదానికంటే చిన్నది. ఒక బల్ల, ఒక యంత్రం, రెండు కుర్చీలు, గోడకు మేకు, మేకుకు ఆయన కోటు. ఆవిడ గదిలో చుట్టూ కలియజూసి, "ఇంతేనా?" అంది. "ఇంటికొచ్చి చెబుతుంటే ఏదో రాజ్యం ఏలుతున్నారనుకున్నాను."

"రాజ్యం బయటుంది," అన్నాడాయన.

కిటికీ అవతల లారీలు బారుగా నిలబడి ఉన్నాయి. వాటి వెనకాల ఇంకా. మొదటిది కాటా ఎక్కింది. గది నేల సన్నగా వణికింది. ఆవిడ ఉలిక్కిపడి బల్లకు చేతులు ఆనించింది. అంకెలు పరుగెత్తి పరుగెత్తి నిలబడ్డాయి. ఆయన మొహంలో ఇంట్లో ఎప్పుడూ కనబడని ఒక బిగువు వచ్చింది. వెన్ను నిటారైంది. అంకె చదివి, చీటీ కొట్టి, కిటికీలోంచి ఇస్తూ ఆయన డ్రైవర్‌ను చూసి తలపంకించిన తీరు ఆవిడ కళ్ళార్పకుండా చూసింది.

డ్రైవర్ కొత్త కుర్రవాడు. చీటీ అందుకుని గదిలోకి తొంగిచూశాడు. "బాబాయ్, బిస్కెట్లు ఇస్తారని మావాళ్ళు చెప్పారు."

"మీ పిన్నినే అడుగు," అన్నాడాయన పక్కకు జరిగి.

ఆ మాట కాటా దగ్గర్నుంచి బారులో చివరి బండి దాకా పాకిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పిన్ని వచ్చిందట. నిజంగా ఉందట. డ్రైవర్లు బండ్లు దిగి వచ్చారు. గదిలోకి అందరూ పట్టరు కాబట్టి కిటికీ ముందు గుంపుగా నిలబడ్డారు. టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు కొందరు. బూట్లతో నేలను రాస్తూ నిలబడ్డారు ఇంకొందరు. ఒకాయన, తన కూతురు ఈ బిస్కెట్ల కోసమే సెలవుల్లో తండ్రి రాకకు ఎదురుచూస్తుందన్నాడు. ఇంకొకాయన, కొండదారిలో బండి చెడిపోయి రాత్రంతా చిక్కుపడినప్పుడు ఆ పొట్లమే తిండైందన్నాడు. ఆవిడ ఒక్కొక్కరి మాటా తల వంచి వింది. ఆయన ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆ నిమిషాన ఆయన ఛాతీ చొక్కా గుండీలు తెంపేలా ఉంది. నా మనిషి, అనుకున్నాడు. చూడండిరా, ఈవిడే.

గుంపును తప్పించుకుంటూ నెరిసిన గడ్డంతో ఒకడు ముందుకొచ్చాడు. వెడల్పాటి మనిషి, చేతులకు మందపాటి తోలు గ్లౌజులు. బాబాయి ఆవిడ చెవి దగ్గర వంగి, "మెట్ల మీద కూర్చుని ఏడ్చినవాడు," అన్నాడు.

"ఆ రోజు పుట్టింది కొడుకా, కూతురా?" అడిగింది ఆవిడ సూటిగా.

"కూతురు పిన్నీ." గడ్డం డ్రైవర్ కిటికీ దగ్గరికి జరిగాడు. "తనకిప్పుడు పెళ్ళయింది. మీ చేతుల్లో ఏముందో గానీ పిన్నీ, ఇన్నేళ్ళుగా అదే రుచి. ఒక్క ఏడాది కూడా తేడా రాలేదు."

ఆవిడ శాలువా కిందనుంచి రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టింది. కణుపులు ఉబ్బి, వేళ్ళన్నీ ఒకవైపుకి ఒరిగిపోయి, బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుపోయిన చేతులు.

"ఈ చేతులతోనా?" అంది. "వీటితో నేను గ్లాసు కూడా ఎత్తలేను నాయనా. ఎన్నో ఏళ్ళయింది. మీరు తింటున్నవి చేస్తున్నది ఈయన." తల ఆయన వైపు తిప్పలేదు. వాళ్ళవైపే చూస్తూ చెప్పింది. "సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, నిలబడే చేస్తాడు. నేను కూర్చుని తప్పులు వెతుకుతుంటాను. అన్నీ పడతాడు. నా పేరు మీద మీకు పంచుతాడు. నేను చేసినవాటికంటే ఇవే బాగుంటాయి. ఈ మాట ఇంట్లో అంటే నెత్తికెక్కుతాడని అనలేదు. మీ ముందు అందామనే వచ్చాను."

బాబాయి కిటికీలోంచి అవతల కాటా పలకను చూస్తూ నిలబడ్డాడు. పలక మీద ఏమీ లేదు. అయినా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో "అమ్మో, బాబాయి పనిమంతుడే," అన్నారు. నవ్వులు లేచాయి. ఎవరో చేయి చాచి ఆయన భుజం తట్టారు. ఆయన, "బండ్లు ఆగిపోయాయి. పదండి, ఎక్కండి," అన్నాడు. ఆ అదిలింపులో పస లేదని అందరికీ తెలిసిపోయింది.

గడ్డం డ్రైవర్ మాత్రం కదల్లేదు. ఆవిడ చేతులు చూస్తున్నాడు. చలికి వేళ్ళ చివర్లు నీలంగా మారాయి. అతను తన గ్లౌజులు ఊడదీసి, "లోపల ఉన్ని ఉంటుంది పిన్నీ, వెచ్చగా ఉంటాయి," అంటూ ఒక్కొక్క వేలినీ నెమ్మదిగా సర్ది ఆవిడకు తొడిగాడు. అవి ఆవిడ మోచేతుల దాకా వచ్చాయి. ఆవిడ చేతులు పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇప్పుడు నేనే లారీ నడిపేలా ఉన్నాను," అంది. "నా సరుకు దించేసరికి సాయంత్రమవుతుంది. అప్పటిదాకా మీ దగ్గరే ఉంచండి," అన్నాడతను.

ఆ రోజంతా ఆవిడ గ్లౌజులతోనే పంచింది. పొట్లాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కిటికీలోంచి చాచేది. ఆయన సాయం చేయబోతే మోచేత్తో తోసేసేది. ఒక్కటి కూడా కింద పడలేదు. లారీ వెంట లారీ ఎక్కి దిగింది. ఆయన చీటీ ఇచ్చేవాడు, ఆవిడ పొట్లం ఇచ్చేది. ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర పక్కపక్కన పని చేయడం పెళ్ళయ్యాక అదే మొదలు. మధ్యాహ్నానికి ఆవిడ కూడా అంకె చూసి, "ఇది బాగా బరువే," అనడం మొదలుపెట్టింది. ఎవరిది దూరపు దారో, ఎవరు ఒంటరివాళ్ళో అడిగి తెలుసుకుని వాళ్ళకు రెండో పొట్లం చేతిలో పెట్టింది.

సంచులు ఖాళీ అయ్యేసరికి ఎండ వాలింది. బారులో ఇక నాలుగైదు బండ్లే మిగిలాయి. వాళ్ళు తమ పొట్లాలు ముందే పట్టుకెళ్ళారు. టీ వచ్చింది. ఆవిడ గ్లౌజులు ఊడదీయించుకుని, వాటిని కిటికీ గట్టు మీద పెట్టించింది. ఆయన కప్పు పట్టుకుంటే రెండు గుక్కలు తాగింది. మొహం మీద ఎండ పడుతోంది. అలసట ఉంది గానీ, దాని మీద ఇంకేదో వెలుతురు ఉంది. చిన్నపిల్లలకు జాతర నుంచి ఇంటికి వచ్చాక ఉండేలాంటిది.

"ఇన్నేళ్ళూ నాతో ఒక్కసారైనా అనకపోయావా, బాగుంటాయని?" అన్నాడాయన.

"అంటే చక్కెర కరక్కుండానే తిప్పడం ఆపేసేవారు," అంది ఆవిడ.

ఆయన నవ్వాడు. ఆవిడ కూడా నవ్వి, తల కిటికీ చట్రానికి ఆనించింది. "కాసేపు కళ్ళు మూసుకుంటాను. మీరు మీ పని చూసుకోండి. వాళ్ళు ఇళ్ళకి వెళ్ళాలి."

ఆయన శాలువా భుజాల మీదికి లాగి తన పనిలో పడ్డాడు. సరుకు నిండిన లారీ ఒకటి కాటా ఎక్కింది. గది నేల వణికింది. ఆ వణుకుకి ఆవిడ తల చట్రం మీద నుంచి మెల్లగా జారి పక్కకు ఒరిగింది. ఆయన అంకె చదివి, చీటీ కొట్టి ఇచ్చాడు. లారీ దిగిపోయింది. నేల కుదురుకుంది. ఆవిడ తల మళ్ళీ లేవలేదు.

ఆయన వెళ్ళి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిలిచాడు. చెక్కిలి మీద అరచెయ్యి ఆనించాడు. ఎండ వల్ల చెక్కిలి వెచ్చగానే ఉంది. ఊపిరి మాత్రం లేదు. ఆయన ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, వంకరవేళ్ళ మధ్య తన వేళ్ళు ఇరికించుకుని అలాగే ఉండిపోయాడు.

కాటా మీదికి వచ్చిన తర్వాతి బండివాడు హారన్ కొట్టబోయి, కిటికీలోంచి చూసి ఆగిపోయాడు. ఇంజిన్ ఆపేశాడు. వెనకవాడూ ఆపాడు. ఆ వెనకవాళ్ళూ ఆపారు. ఆ యార్డులో పట్టపగలు అంత నిశ్శబ్దం ఎవరూ వినలేదు. గడ్డం డ్రైవర్ పరుగున వచ్చి, గుమ్మంలో ఆగి, టోపీ తీసి, లోపలికి వచ్చాడు. వ్యాను వచ్చేదాకా ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆవిడను ఎత్తుకెళ్ళి వ్యానులో పడుకోబెట్టారు.

వ్యాను పక్కన నిలబడే ఆయన కూతురికి ఫోన్ చేశాడు. చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పాడు. ఎందుకు తీసుకెళ్ళారని అడుగుతుందనుకున్నాడు.

"నాన్నా," అంది కూతురు చివరికి. "బిస్కెట్లు పంచిందా?"

"అందరికీ," అన్నాడాయన. మాట గట్టిగానే వచ్చింది. "అందరికీ తన చేత్తోనే ఇచ్చిందమ్మా. ఒక్కటీ కింద పడలేదు."

వ్యాను నెమ్మదిగా గేటు దాటింది. డ్రైవర్లు రోడ్డు దాకా వెంట నడిచి, అక్కడ ఆగారు. సాయంత్రం డ్యూటీకి వచ్చినతను మిగిలిన బండ్లకు ఒక్కొక్కటిగా చీటీలు ఇచ్చి పంపాడు. అందరికంటే చివర గడ్డం డ్రైవర్ బండి, సరుకు దించుకుని, ఖాళీగా కాటా ఎక్కింది. అతను దిగి, చీటీ తీసుకుని, కిటికీ గట్టు వైపు ఒకసారి చూశాడు. చెయ్యి చాచలేదు. వట్టి చేతులతోనే స్టీరింగు పట్టుకుని వెళ్ళిపోయాడు.

కిటికీ గట్టు మీద తోలు గ్లౌజులు రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, వేళ్ళ చివర్లకు ఇంకా చక్కెర అంటుకుని.